ముప్పావు కిలోకి ఎన్ని గ్రాములు?

నాలుగో తరగతిలో ఇరవై తొమ్మిది మంది పిల్లలు. వాళ్ళ నోటుబుక్కులు స్టాఫ్ రూమ్ బల్ల మీద మూడు దొంతరలుగా ఉన్నాయి. మధ్యాహ్నం గంట కొట్టేలోపు దిద్దేయాలని చిన్న టీచర్ మొదలుపెట్టింది. పదో పుస్తకం దగ్గర ఆగింది.

ప్రశ్న ఇది: ముప్పావు కిలో = ____ గ్రాములు. రావలసిన జవాబు 750. పదో పుస్తకంలో 280 అని ఉంది.

తప్పు జవాబులు ఆమెకు కొత్త కాదు. సున్నా మరిచిపోయి 75 రాసేవాళ్ళుంటారు. సున్నా మీద ప్రేమ కొద్దీ 7500 రాసేవాళ్ళుంటారు. 280కి అలాంటి కారణం ఏదీ కనిపించలేదు. దిద్ది పక్కన పెట్టిన తొమ్మిది పుస్తకాలూ మళ్ళీ తెరిచింది. వాటిలో ఇంకో మూడు చోట్ల 280 ఉంది. మూడింటికీ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టింది తనే. కొట్టి పేజీ తిప్పేసింది.

అన్నీ చూశాక లెక్క తేలింది. 750 రాసినవాళ్ళు పదముగ్గురు. 280 రాసినవాళ్ళు పదకొండు మంది. ముగ్గురు ఏమీ రాయలేదు. మిగిలిన ఇద్దరూ తలో అంకె వేశారు.

ఆమె ఇంకా టీచరు కాదు. డిగ్రీ చదువుతూనే టీచరు సర్టిఫికెట్ కూడా తెచ్చుకునే నాలుగేళ్ళ కోర్సులో ఆఖరి ఏడాది విద్యార్థిని. కోర్సులో భాగంగా ఆరు వారాలు బడిలో పనిచేయాలి, ఇరవై పాఠాలు చెప్పాలి. పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది మరుసటి రోజు రెండో పీరియడ్‌లో. దానికి బయటి నుంచి ఒక పరిశీలకుడు వస్తాడు. యాభై మార్కులు. ఇరవై అయిదు వస్తే పాస్.

మూడో ఏడాదిలో ఆమె ఈ పరీక్షకు ఒకసారి పాఠం చెప్పింది. ఇరవై రెండు వచ్చాయి. పాఠం మధ్యలో ఒక పిల్లవాడు ఏదో అడిగితే ఆ ప్రశ్న వెంట వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గంట కొట్టారు. రాసుకొచ్చిన ప్లానులో సగం మిగిలిపోయింది. రెండే అవకాశాలు ఇస్తారు. రేపు కూడా తప్పితే డిగ్రీ చేతికొస్తుంది, సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేనివాళ్ళను ఏ బడీ తీసుకోదు.

క్లాసు టీచరును పిల్లలు పెద్ద టీచర్ అంటారు, ఈమెను చిన్న టీచర్ అంటారు. కాలేజీలో ఈమెకు మరో పేరుంది. మొదటి ఏడాది సైకాలజీ క్లాసులో ఒకే గంటలో పద్నాలుగు ప్రశ్నలు అడిగింది. ఆ రోజు నుంచి అందరికీ ఆమె 'సందేహం'.

"ఏమే సందేహం, తినవా?" అని అడిగింది మైకు. అయిదో తరగతికి వచ్చిన ట్రైనీ. ఆమె పాఠం చెబితే పక్క రెండు గదులకూ వినబడుతుంది కాబట్టి ఆ పేరు.

"పదకొండు మంది 280 రాశారే."

"కాపీ. ఒకళ్ళు రాశారు, పది మంది దించారు. దీనికి దర్యాప్తు కమిషన్ వేయాలా?"

చిన్న టీచర్ ఒక కాగితం మీద బెంచీలు గీసింది. 280 రాసిన పదకొండు మంది కూర్చునే చోట్ల చుక్కలు పెట్టింది. రెండో బెంచీలో ఒకటి, కిటికీ పక్కన మూడు, తలుపు దగ్గర రెండు, వెనక వరుసల్లో అక్కడక్కడా మిగతావి.

"కాపీ అయితే చుక్కలు పక్కపక్కన పడాలి కదే."

మైకు కాగితం చూసింది. "కిటికీకీ తలుపుకీ మధ్య ఏం నడుస్తోందే, వైర్‌లెస్సా?" అని టిఫిన్ బాక్సు మూత తీసింది.

పెద్ద టీచర్ అదే బల్లకు అటు చివర హాజరు పట్టీ పూర్తి చేస్తోంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తల ఎత్తకుండా మాట్లాడటం ఆమెకు అలవాటు.

"మేడమ్, ఈ 280 ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నా జేబులోంచి మాత్రం రాలేదు. రాసినవాళ్ళని అడుగు." పట్టీలో ఇంకో వరుస నింపింది. "అడుగు గానీ, 'ఎందుకు రాశావ్' అని మాత్రం అడక్కు. ఆ మాట చెవిన పడగానే తప్పని తెలిసిపోతుంది. ఆ తర్వాత నీకు జవాబు రాదు, క్షమాపణ వస్తుంది."

చిన్న టీచర్ రెండో బెంచీ అమ్మాయిని పిలిచింది. జడలో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పిల్లను క్లాసంతా పెన్సిలు అనే పిలుస్తారు. నోటుబుక్కు తెరిచి 280 మీద వేలు పెట్టి అడిగింది.

"ఇది ఎలా చేశావో చెప్పమ్మా."

పెన్సిలు అంకె వంక చూసింది. జేబులోంచి రబ్బరు తీసి చెరపడం మొదలుపెట్టింది.

"చెరపకు, చెరపకు. ఉండనీ."

"తప్పు కదా టీచర్."

"నేను తప్పన్నానా?"

"అనలేదు. ఎర్ర ఇంటూ కొట్టారు."

చిన్న టీచర్ ఆ ఇంటూ మీద అరచెయ్యి పెట్టింది. దారి మార్చింది. పావు కిలో ఎంత అని అడిగింది. రెండువందల యాభై అంది పెన్సిలు. అరకిలో? అయిదు వందలు. ముప్పావు గంటకి ఎన్ని నిమిషాలు? నలభై అయిదు. ఆలోచించడానికి కూడా ఆగలేదు.

"మరి ముప్పావు కిలో?"

పెన్సిలు చెరిపిన చోటు చూసింది. "మీరే చెప్పండి టీచర్."

రెండు వారాల కింద గడియారం పాఠం చెప్పింది చిన్న టీచరే. ఆ రోజు ముప్పావు గంటకు ఇరవై ఏడు మంది 45 అని రాశారు. ఆమె పరిశీలన పుస్తకంలో పెద్ద టీచర్ 'బాగుంది' అని రాసింది. పంతొమ్మిది పాఠాల్లో ఆ మాట రెండుసార్లే పడింది. గంటలో ముప్పావు తెలిసిన పిల్లలకు కిలోలో ముప్పావు ఎందుకు తెలియలేదో ఆమెకు అంతుపట్టలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళింది. కాలేజీ దగ్గరని ఆమె అక్కా బావల దగ్గర ఉంటోంది. ఇల్లు వెనక, ముందు గదిలో బావ సరుకుల కొట్టు. బ్యాగు దించకుండానే కౌంటర్ దగ్గర నిలబడింది.

"బావా, రోజుకి ఎంతమంది ముప్పావు కిలో అడుగుతారు?"

బావ వెనక అలమర దగ్గరున్న అక్కకు కేకేశాడు. "ఏమోయ్, టీచరమ్మ తనిఖీకొచ్చింది. కాటా దాచెయ్!"

"చెప్పు బావా."

"ముప్పావు ఎవరడుగుతారిప్పుడు? ఏడువందల యాభై అంటారు. మిషన్లో కూడా అదే పడుతుంది, సున్నా పాయింట్ ఏడు అయిదు. మా నాన్న కూర్చున్న రోజుల్లో అనేవాళ్ళు. ఇప్పుడు ఈ కొట్లో ముప్పావు అనేది ఒక్క మీ అక్కే."

"అక్కెందుకంటుంది?"

"'ముప్పావు గంట నుంచి పిలుస్తున్నా, వినబడదా' అని."

అక్క గోడ వైపు తిరిగి అలమరలో సబ్బులు సర్దుతూ లెక్కపెడుతోంది. ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు.

"ఇప్పుడు కూడా పిలిచే ఉంటుంది. ఎప్పుడు పిలిచావ్?" అని ఆమె వైపు తిరిగాడు బావ.

"పిలవలేదు, ఇప్పుడు పిలిచేలా చేయకు." అక్క చెయ్యి ఆగిపోయింది. "చూడు, లెక్క పోయింది. ముప్పై... ముప్పై ఏదో."

"ముప్పై ఏదో అంటే ఎన్ని?" అని అడిగింది చిన్న టీచర్.

"ముప్పై, ఆ పైన ఏదో."

చిన్న టీచర్ కౌంటర్ మీదున్న కాగితం సంచి ఒకటి లాగింది. బావ చెవి మీది పెన్ను తీసుకుని రాసింది. ముప్పై, ఆ పైన పావు. 30 + 250 = 280.

కాసేపు దాన్ని చూసింది. కింద ఇంకో వరుస రాసింది. ముప్పావు గంట. ముప్పై నిమిషాలు, పావు గంట. 30 + 15 = 45.

రాసి స్టూలు మీద కూర్చుంది.

"ఏమైంది?" అన్నాడు బావ.

"మా పిల్లలకి ముప్పావు అంటే ముప్పైయ్యూ పావూ. కిలోలో ముప్పై గ్రాములకి పావు కిలో కలిపారు. గంటలో ముప్పై నిమిషాలకి పావు గంట కలిపారు."

బావ సంచి తిప్పి చదివాడు. "గంటలో జవాబు కరెక్టేగా."

"అదే బావా ఇబ్బంది. కరెక్టు రాబట్టి ఎవరికీ తెలియలేదు."

"అంటే తప్పు దారిలో పోయి సరైన ఇంటికే చేరారు."

"ఒక్కసారి చేరారు. అదే దారిలో కిలో దగ్గరికి పోయి తప్పిపోయారు."

అక్క వచ్చి సంచి మీద తొంగి చూసింది. "మరి ముప్పావులో ము అంటే ఏంటే?"

"మూడక్కా. మూడు పావులు."

"అలాగా? ఇన్నేళ్ళూ అన్నానే గానీ ఎప్పుడూ విప్పి చూళ్ళేదు." అక్క అలమర వైపు తిరిగింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

మరుసటి ఉదయం మొదటి గంట కొట్టక ముందే చిన్న టీచర్ ఆ సంచిని మడత విప్పి పెద్ద టీచర్ ముందు పెట్టింది. పెద్ద టీచర్ మొదటి వరుస చదివింది. రెండో వరుస చదివి కళ్ళజోడు తీసింది. ఈసారి తల ఎత్తింది.

"ఇరవై ఆరేళ్ళుగా గడియారం పాఠం చెబుతున్నాను," అంది. "విన్న పిల్లల్లో ఎంతమంది ఇలా నలభై అయిదు రాసి ఉంటారంటావ్?"

"తెలీదు మేడమ్."

"నాకూ తెలీదు." కళ్ళజోడు పెట్టుకుంది. "సరే, ఇవాళ్టి సంగతి చూద్దాం. పాఠం లీటర్లు. ప్లాను మీద సంతకాలయిపోయాయి, అక్షరం మార్చడానికి లేదు. ఏడు మెట్లు. మూడో మెట్టు ఏంటి?"

"ముప్పావు లీటరు. ఇదివరకే తెలిసిన విషయం కింద పెట్టాను. ఒక్క నిమిషం."

"ఆ నిమిషంలో 'ము అంటే మూడు' అని చెప్పి కదులు. అర్థమైందా అంటే అర్థమైంది టీచర్ అంటారు. వాళ్ళకి అర్థం కాలేదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. సోమవారం నేను చూసుకుంటాను."

"సరే మేడమ్."

"సరే అన్నంత తేలిక కాదు. నీ ఫైలు చదివాను. పోయినేడాది కూడా ఏదో తెలుసుకుందామని వెళ్ళే ఆగిపోయావ్. తెలుసుకోవడం ఎక్కడికీ పోదు. సర్టిఫికెట్ పోతుంది."

పరిశీలకుడు పది గంటలకు వచ్చాడు. భుజాన సంచి, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పుతో పెట్టిన ఫారం. వెనక బెంచీలో కూర్చుంటే మోకాళ్ళు బల్లకు తగిలాయి. పక్కకు తిరిగి కూర్చున్నాడు. గోడ గడియారం చూసి ఫారం మీద 10:10 అని రాశాడు. పెద్ద టీచర్ తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది.

బల్ల మీద లీటరు పట్టే ప్లాస్టిక్ జగ్గు. దాని మీద మిల్లీలీటర్ల గీతలున్నాయి. పక్కన పావు లీటరు గ్లాసు, బకెట్లో నీళ్ళు, రెండు రబ్బరు బ్యాండ్లు. మొదటి రెండు మెట్లు తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి. ప్లానులో పది అని ఉంది. ఒక నిమిషం మిగిలింది.

మూడో మెట్టు. బోర్డు మీద పావు లీటరు, అర లీటరు, ముప్పావు లీటరు అని ఒకదాని కింద ఒకటి రాసి ఎదురుగా ఖాళీలు వదిలింది. మొదటి రెండూ పిల్లలు చెప్పారు. మూడోదానికి క్లాసు లీడరు లేచి నిలబడింది. ఏ ప్రశ్నకైనా ముందు లేచేది ఆ పిల్లే.

"ఏడువందల యాభై!"

"ఏడువందల యాభై!" అని క్లాసంతా అందుకుంది.

మూడో మెట్టు అయిపోయినట్టే. పరిశీలకుడు ఫారం మీద టిక్కు పెట్టడానికి పెన్ను ఆనించాడు. చిన్న టీచర్ రెండో బెంచీ వైపు చూసింది. పెన్సిలు నోరు కదపలేదు. కిటికీ పక్కనున్న ముగ్గురిలో ఇద్దరు లీడరు పెదాలు చూసి అన్నారు.

పెద్ద టీచర్ తలుపు దగ్గర నుంచి చేత్తో చిన్నగా ముందుకు తోసినట్టు సైగ చేసింది. కదులు అని.

చిన్న టీచర్ సుద్దముక్క కింద పెట్టింది.

"పెన్సిలూ, ఇలా రా. ఈ జగ్గులో ముప్పావు లీటరు ఎక్కడిదాకా వస్తుందనుకుంటున్నావో అక్కడ ఈ బ్యాండు వెయ్యి. నువ్వేమనుకుంటున్నావో అదే. ఎవరేమన్నారో వద్దు."

పెన్సిలు లీడరు వైపు, బోర్డు వైపు చూసింది. బ్యాండు సాగదీసి 300 గీతకు కాస్త కింద వేసింది. వెనక ఇద్దరు నవ్వారు. చిన్న టీచర్ ఇంకో పిల్లవాణ్ణి పిలిచి అర లీటరు దగ్గర రెండో బ్యాండు వేయమంది. అతను 500 దగ్గర వేశాడు. ఆమె జగ్గును అందరికీ కనబడేలా తిప్పి పెట్టి పక్కకు జరిగింది.

"ముప్పావు అరకంటే కిందుందేంటి?" అని కిటికీ దగ్గర నుంచి ఒకడు.

"ఉంటే ఏం?"

"గంటలో పైనుంటుంది కదరా. అరగంటంటే ముప్పై. ముప్పావంటే నలభై అయిదు."

"అది గంట. ఇది నీళ్ళు."

"నీళ్ళకి వేరే ముప్పావుంటుందా?"

లీడరు గోడ మీది కొలతల చార్టు వైపు చెయ్యి చూపించింది. "చార్టులో ఏడువందల యాభై అనే ఉంది. కిలోకీ అదే, లీటరుకీ అదే. చూసుకోండి."

"చార్టులో ఎందుకలా ఉంది?"

"చార్టునే అడుగు పో."

పెన్సిలు ఇంకా బల్ల దగ్గరే ఉంది. "ముప్పై, పావు," అంది. ఎవరూ వినకపోతే గొంతు పెంచింది. "ముప్పైయ్యూ పావూ కలిపితే రెండువందల ఎనభై వస్తుంది. అందుకే అక్కడేశా."

"నేనూ అలాగే చేశా!" అన్నాడు తలుపు దగ్గరివాడు. "నేనూ," అని ఇంకొకళ్ళు. ఒక్కొక్కరే చేతులెత్తారు. నిన్న కాగితం మీద చుక్కలున్న చోట్ల నుంచే చేతులు లేచాయి. రెండు చేతులు చుక్కలు లేని చోట్ల నుంచి కూడా లేచాయి.

చిన్న టీచర్ బోర్డు మీద 'ముప్పై + పావు' అని రాసింది. ఇంటూ కొట్టలేదు. "గంటకి కూడా ఇలాగే చేశారా?"

"ఆ. ముప్పై నిమిషాలు, పావు గంట. నలభై అయిదు."

వెనక బెంచీలో పరిశీలకుడి పెన్ను ఆగింది. అట్ట మీద ఒక మూల ఏవో రెండు అంకెలు వేసుకుని కూడాడు. మళ్ళీ కూడాడు.

"ఏది నిజమో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది చిన్న టీచర్.

"పోసి చూద్దాం," అంది పెన్సిలు.

"ఏం పోస్తావ్?"

దాని మీద అయిదు నిమిషాలు వాదన నడిచింది. ముప్పై మిల్లీలీటర్లు ముందు పోయాలని కొందరన్నారు. ముప్పై పోయడానికి గ్లాసేదని ఇంకొందరన్నారు. ఉన్నది పావు గ్లాసు ఒక్కటే. చివరికి పెన్సిలు పావు గ్లాసు నింపి జగ్గులో వంచింది. నీళ్ళు 250 దగ్గర నిలిచాయి. ఇంకోటి వంచింది. నీళ్ళు అర లీటరు బ్యాండుకు తగిలాయి.

"రెండు పావులు పోస్తే అర," అన్నాడు కిటికీ దగ్గరివాడు. "గడియారంలో కూడా అంతే. ముల్లు ఒక పావు తిరిగితే పావు. రెండు పావులు తిరిగితే అర. ఇంకో పావు తిరిగితే..."

పెన్సిలు మూడో గ్లాసు వంచింది. 750.

"మూడు పావులు," అంది. జగ్గు చూస్తూ మళ్ళీ నెమ్మదిగా అంది. "మూ పావు. ముప్పావు." కింద వేసిన బ్యాండు ఊడదీసి పైకి జరిపింది. జరుపుతూ తిరిగి చూసింది. "టీచర్, అయితే ముప్పైలో ఉన్న ము కూడా మూడేనా?"

చిన్న టీచర్ దానికి సిద్ధపడి రాలేదు. సంచి మీద ముప్పై రాసినప్పుడు ఆ మాటను ఆమె విప్పి చూడలేదు.

"ముప్పైలో ఏవైనా మూడు ఉన్నాయా?" అంది. జవాబు తనకు కూడా అప్పుడే కావాలి.

"పదులు," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

గంట కొట్టారు. 10:50. మూడో మెట్టుకు ప్లానులో ఒక్క నిమిషం ఉంది. ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. నాలుగు నుంచి ఏడు దాకా మెట్లు కాగితం మీదే ఉండిపోయాయి.

స్టాఫ్ రూమ్‌లో పరిశీలకుడు ఫారం ఆమె వైపు తిప్పాడు. ఆరు గళ్ళున్నాయి. ప్లాను పూర్తికి పదిహేను మార్కులు. ఏడింట అయిదు మెట్లు దాటకపోతే సున్నా వేయాలని కిందే అచ్చువేసి ఉంది. సున్నా వేశాడు. సమయపాలనకు అయిదు, అక్కడా సున్నా. బోర్డు రాతకు అయిదింట నాలుగు, వస్తువుల వాడకానికి పదింట తొమ్మిది, పిల్లలు పాల్గొన్నందుకు పదింట ఎనిమిది. మొత్తం ఇరవై ఒకటి. ఆరో గడి ఖాళీగా ఉంది. దాని మీద 'మూల్యాంకనం - 5' అని ఉంది. పాఠం పిల్లలకు ఎంత ఎక్కిందో ఒక ప్రశ్నతో పరీక్షించడం. ఆమె ప్లానులో అది ఏడో మెట్టు.

"ఇది మీరు చేయలేదు," అన్నాడు.

"చేయలేదు సార్."

"మూడో మెట్టు దాటే అవకాశం మీకు వచ్చింది. క్లాసంతా సరైన జవాబు చెప్పింది. టిక్కు పెట్టబోయాను. ఎందుకు ఆగారు?"

ఆమె కాగితం సంచి తీసి చూపించింది. నిన్నటి పుస్తకాల సంగతి, గడియారం పాఠం సంగతి చెప్పింది. "జవాబు కాదు సార్, వాళ్ళు ఎలా చేశారో చూడాలనిపించింది. ఈ పీరియడ్ దాటితే నేను వీళ్ళకి పాఠం చెప్పను. ఇది ఆఖరిది."

పరిశీలకుడు ఫారం వెనక్కి తిప్పాడు. నిబంధనలు వరుసగా ఉన్నాయి. వేలు ఆనించి చదువుతూ పోయి పదకొండో దాని దగ్గర ఆపాడు. గంట కొట్టడం వల్ల మూల్యాంకనం జరగకపోతే పరిశీలకుడు స్వయంగా ఒక ప్రశ్న ఇచ్చి ఆ గడి నింపవచ్చు.

"దీన్ని నేనిప్పటిదాకా వాడలేదు," అన్నాడు. "మీరిక్కడే ఉండండి."

అట్ట పట్టుకుని నాలుగో తరగతి వైపు వెళ్ళాడు. చిన్న టీచర్ కూర్చోలేదు. మైకు అప్పుడే పీరియడ్ ముగించుకుని వచ్చి ఫారం మీద వంగింది.

"పోయినేడాది ఇరవై రెండు, ఈ ఏడాది ఇరవై ఒకటి. క్రమంగా వెనక్కి పోతున్నావే."

"ఇంకో గడి ఉంది."

"అయిదింట నాలుగు కావాలా?" మైకు నవ్వు ఆపేసింది. కుర్చీ లాగి ఆమె పక్కన పెట్టింది. "కూర్చోవే ముందు. పడిపోయేలా ఉన్నావ్."

పది నిమిషాలకు పరిశీలకుడు తిరిగొచ్చాడు. వెనకే పెద్ద టీచర్. అతని చేతిలో చీటీలున్నాయి. పేర్లు రాయొద్దని చెప్పి రాయించాడు. బల్ల మీద పరిచాడు. ప్రశ్న అతనిదే: ముప్పావు మీటరు = ____ సెంటీమీటర్లు.

"వంద సెంటీమీటర్లకి పావు ఇరవై అయిదు," అన్నాడు. "పాత పద్ధతిలో చేస్తే ముప్పైయ్యూ ఇరవై అయిదూ, యాభై అయిదు వస్తుంది. కొత్త పద్ధతిలో డెబ్భై అయిదు. ఎవరు ఏ దారిన వెళ్ళారో దాగదు."

ఒక్కో చీటీ చదివి పక్కన పెట్టాడు. డెబ్భై అయిదు, డెబ్భై అయిదు, డెబ్భై అయిదు. పద్దెనిమిదోది చదవకుండా విడిగా పెట్టాడు. మళ్ళీ డెబ్భై అయిదు. మైకు వేళ్ళ మీద లెక్కపెడుతోంది. చివరి చీటీ పెట్టి దొంతర సరిచేశాడు.

"ఇరవై ఎనిమిది మంది డెబ్భై అయిదు. ఒకరు యాభై అయిదు. అయిదుకి అయిదు ఇవ్వలేను." ఆరో గడిలో 4 వేశాడు. కింద 25 అని రాసి సంతకం పెట్టి ఆమెకు పెన్ను అందించాడు. "ఒక్క మార్కు కూడా ఎక్కువ లేదు."

చిన్న టీచర్ సంతకం పెట్టింది. మైకు ఆమె వీపు మీద చరిచింది. ఆ చప్పుడు పక్క గదులకు వినబడే ఉంటుంది. పెద్ద టీచర్ హాజరు పట్టీ ముందుకు లాక్కుంది. అందులో ఒక్క వరుస కూడా నింపలేదు.

"సార్, ఆ ఒక్క చీటీ చూడొచ్చా?"

పరిశీలకుడు ఇచ్చాడు. 55. రెండు అయిదులకూ పైగీత పొడుగ్గా సాగి ఉంది. ఈ ఆరు వారాల్లో ఆమె ఆ చేతిరాత రోజూ చూసింది.

"ఎవరిది?" అన్నాడు పరిశీలకుడు.

"లీడరుది."

"గట్టిగా ఏడువందల యాభై అన్న అమ్మాయా? పుస్తకంలో కూడా సరిగ్గానే రాసి ఉంటుంది కదా?"

"రాసింది సార్. చార్టులో కిలో ఉంది, లీటరు ఉంది. మీటరు లేదు."

పెద్ద టీచర్ తల ఎత్తింది. చిన్న టీచర్ నిన్నటి దొంతరల దగ్గరికి వెళ్ళింది. 750 రాసిన పదమూడు పుస్తకాలకూ నిన్న రైటు కొట్టి ఒక పక్కన పెట్టింది. ఎలా చేశావని వాళ్ళలో ఒక్కరినీ అడగలేదు. ఆ పదమూడూ వేరు చేసి చేతిలోకి తీసుకుంది.

"మార్కులు పడిపోయాయమ్మా," అన్నాడు పరిశీలకుడు. "ఇంక మీరు వెళ్ళిపోవచ్చు."

"తెలుసు సార్," అని ఆమె నాలుగో తరగతి వైపు నడిచింది.